నారింజ నిండుకుంది

శుద్ధ విదియ

రాబడి: రొయ్య పిల్ల, ఒక పడవ. ఖర్చు: జున్ను పొడి మూడు చెంచాలు, మెరుపు మందు ఒక చుక్క, కరెంటు ఒక పూట.

పిల్లను తెచ్చింది వీర్రాజు. నేను పరీక్షలు చేసే పిల్ల గది పక్కన ఉన్న తొట్టిలో పోశాం. పౌర్ణమి పోటుకు చెరువులో వదలాలి. చెరువంటే మేం ఇళ్ళు కట్టుకుని ఉండే తెప్ప కింద నాలుగు వైపులా బిగించిన వల. నేల మీద, గట్ల మధ్య చెరువులు ఉన్న రోజులు మంగతాయారు అక్కకు బాగా గుర్తు. నాకు లీలగా గుర్తు. ఆ మాట చెబితే చిన్నవాళ్ళు నమ్మరు.

వదిలేలోపు పిల్లలో గుల్ల రోగం లేదని నేను తేల్చాలి. పిల్లను నూరి, అందులోని జన్యువుల పోగులోంచి మనకు కావలసిన ముక్కను మాత్రం పెంచి, దాన్ని జున్నులో నడిపించడమే పరీక్ష. జున్నంటే సముద్రపు పాచి పొడిని కాచి పోసిన దిమ్మ. గేదెలు పోయినా ఆ పేరు మిగిలింది. జున్నులో ఒక చివర గుంటలు ఉంటాయి. వాటిలో సరుకు పోసి కరెంటు పెడితే ముక్కలు ఎర్ర వైరు వైపు పరిగెడతాయి. చిన్నవి ముందు, పెద్దవి వెనక. పరిగెత్తేటప్పుడు అవి కంటికి కనబడవు. అందుకని సరుకులో దారి రంగు కలుపుతాం. రంగు ఎంత దూరం వచ్చిందో చూసి కరెంటు ఆపుతాం. ఆ తర్వాత ఊదా దీపం కింద పెడితే మెరుపు మందు పట్టిన ముక్కలు సన్నని గీతల్లా మెరుస్తాయి.

గుల్ల రోగం ముక్క బాగా చిన్నది, జన్యువు అక్షరాల్లో కొలిస్తే వంద లోపు. ఆ గీత కనిపిస్తే పిల్ల పనికిరాదు.

ఈరోజు గీత కనబడలేదు.

మంగతాయారు అక్క గుమ్మంలోనే నిలబడింది. మా చెరువుకు పెద్ద ఆవిడే.

"ఏంట్రా తమ్ముడూ, శుభ్రమేనా?"

"శుభ్రమేనక్కా."

"మరి మొహం అలా పెట్టావేం?"

"నా మొహమే అంత."

"నీ మొహం నాకు తెలీదేంటి. ఇది ఇంకో మొహం."

తొమ్మిదో తెప్పకు కిందటిసారి పిల్ల వచ్చింది కూడా ఈ పడవలోనే. వాళ్ళ జున్నులోనూ గీత లేదు. పోయిన నెల వాళ్ళ చెరువంతా చచ్చి తేలింది. మాకు కిందటి పంట తుఫానులో పోయింది. వరసగా రెండో పంట కూడా పోతే ఒడ్డు నుంచి మాకు సరుకులు పంపే గట్టు కచేరీ వారు తెప్ప విప్పేస్తారు. నలభై ఇళ్ళ మనుషులను తలా ఒక తెప్పకు పంచుతారు. మంగతాయారు అక్క ఇంట్లో ఉన్న ఏడుగురు ఏడు చోట్లకు పోతారు.

దీపం కొండెక్కింది.

చవితి

ఖర్చు: నీలం రెండు చుక్కలు. చూడటానికే. పరీక్షకు కాదు.

నేను ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన పరీక్ష పెట్టెలు విప్పి, బాగుచేసి, అవి ఎందుకు పనిచేస్తాయో ఆలోచిస్తూ నేర్చుకున్నాను. అందుకని నాకు తెలియనివి చాలా ఉంటాయి. ఇది కూడా అలాంటిదేనేమో.

గదిలో ఇదివరకు రెండు దారి రంగులు వాడేవాళ్ళం. నారింజ, ఆకాశం. నారింజ అన్ని ముక్కల కంటే ముందు పరిగెత్తుతుంది. అది జున్ను చివరికి వస్తే ఆపేయాలని తెలుస్తుంది. ఆకాశం పెద్ద ముక్కలతో పాటు వెనక మెల్లగా వస్తుంది. మధ్యలో ఉన్న దారంతా ఖాళీ. అక్కడ ఏ గీత పడినా కనిపిస్తుంది.

నాలుగు నెలలుగా నారింజ లేదు. దాని బదులు నీలం వాడుతున్నాం. పెద్ద ముక్కల పరీక్షకు నీలంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ గట్టి జున్నులో నీలం సుమారుగా వంద అక్షరాల ముక్కతో సమానంగా నడుస్తుంది. ఊదా దీపం కింద అది మెరవదు సరికదా, బొగ్గుతో అలికినట్టు నల్లగా కనబడుతుంది.

ఆ అలుకు కింద ఏముందో ఇన్నాళ్ళూ నేను అడగలేదు.

ఏసురత్నం గారిని అడిగాను. రంగులు కలిపేది, రోజూ రేడియో సెట్టులో గట్టుకు సరుకుల సంగతి చెప్పేది ఆవిడే.

"నారింజ ఎప్పుడొస్తుందండీ?"

"నేను చెబుతూనే ఉన్నానండి. పంపాల్సింది ఆళ్ళు కదండీ."

"ఏమంటున్నారు?"

"ఏమంటారు, సంతోషం అంటున్నారు. అయినా నీలం చాల్లెండి తాతబ్బాయి గారూ. ఇన్నాళ్ళూ గడవలేదేంటి?"

ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. గరాటు తుడుస్తూ ఉంది. తుడిచిన గరాటునే మళ్ళీ తుడిచింది.

దీపం కొండెక్కింది.

పంచమి

ఏసురత్నం గారు ప్రార్థనకు వెళ్ళారు. సెట్టు దగ్గర నేను కూర్చున్నాను.

పోయిన ఏడాది దాకా గట్టు మీద నుంచి కామేశం గారు మాట్లాడేవారు. ముందు తిట్టేవారు, తర్వాత కూర ఏం వండారో అడిగేవారు, ఆ తర్వాతే సరుకు సంగతి. ఒకరోజు గొంతు మారింది. ఇప్పుడున్నది ఆడా కాదు, మగా కాదు. చాలా మర్యాదగా, పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడుతుంది. ఏం చెప్పినా సంతోషం అంటుంది. మనిషి కాదు, యంత్రం అంటారు. యంత్రం వెనక మనుషులు ఉంటారు కదా అని మేం పట్టించుకోలేదు.

నారింజ గురించి అడిగాను.

"పదకొండో తెప్పలో నారింజ రంగు నిండుగా ఉన్నది," అంది గొంతు. "నాలుగు నెలలుగా నిండుగా ఉన్నది. సంతోషం."

"ఎవరు చెప్పారు?"

"మీ తెప్ప వారే చెప్పారు."

లేచి బీరువా తెరిచాను. నారింజ సీసా కడిగి బోర్లించి ఉంది. బీరువాకు రెండే తాళం చెవులు. ఒకటి నాది, ఒకటి ఏసురత్నం గారిది.

నేను తీయలేదు.

సప్తమి

ఖర్చు ఏమీ లేదు.

వీర్రాజు పడవ వచ్చింది. ఏసురత్నం గారు అతనికి ఎదురు వెళ్ళారు. నేను వలలు ఎండేసే చోట, గుడ్డల వెనక ఉన్నాను. ఆవిడ కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసి అతని చేతిలో పెట్టింది. సీసాలో ఎర్రగా, నారింజ పండు రంగులో ఏదో ఉంది. ఎండకు మెరిసింది.

"ఎవరికీ చెప్పకు," అంది. "తెలిస్తే తెప్పంతా నా మీద పడుద్ది."

"నేనెందుకు సెప్తానండీ," అని వీర్రాజు దాన్ని బనీను లోపల దాచుకున్నాడు.

వీర్రాజు రొయ్య పిల్ల పడవ మనిషి. అతనికి కూలి ముట్టేది పిల్లను పెంచి పంపే కేంద్రం వాళ్ళ నుంచి. రోగమున్న పిల్లను మాకు అంటగట్టాలంటే వాళ్ళకు కావలసింది ఒక్కటే, మా జున్నులో ఆ గీత కనిపించకూడదు. గీత కనిపించకూడదంటే నీలం ఉండాలి, నారింజ ఉండకూడదు. గట్టుకేమో నారింజ నిండుగా ఉందని కబురు వెళుతోంది. సీసాలేమో ఒకటొకటిగా పడవెక్కుతున్నాయి.

రాసి చూసుకుంటే అంతా అతికినట్టు ఉంది. ఎనిమిదేళ్ళుగా నా పక్కన కూర్చుని పనిచేస్తున్న మనిషి గురించి రాసిన ఆ మాటలు కొట్టేద్దామనిపించింది. అయినా నా తాళం చెవిని మొలతాడుకు కట్టుకున్నాను.

పడవ కదలబోతుంటే వీర్రాజును అడిగాను.

"తొమ్మిదో తెప్ప వైపు వెళతావా?"

"ఎల్తానండి. కానీ దగ్గిరికి రానివ్వట్లేదండి ఆళ్ళు. పోయిన పాలి గెడ ఎత్తి బెదిరించారు. గట్టోళ్ళ మీద కోపం, మన మీద కోపం, సముద్రం మీద కోపం. మాట్టాడరండి బాబు."

"చచ్చిన రొయ్య ఒకటి కావాలి."

"బతికుంది ఇత్తానంటే వద్దని, సచ్చింది కావాలంటారేంటండీ! కూరకా?"

"తే. ఎందుకో అడక్కు."

నవమి

వీర్రాజు మాట నిలబెట్టుకున్నాడు. తొమ్మిదో తెప్ప వాళ్ళు పడవను ఆనుకోనివ్వలేదట. అడిగితే ఒక ముసలావిడ తెడ్డుతో చచ్చి ఎండిన రొయ్యను ఎత్తి పడవలోకి విసిరిందట. "తీసుకెళ్ళి మీ గట్టుకు చూపించండి" అందట. రొయ్యను వేళ్ళ మధ్య పట్టి నొక్కాను. పెంకు లోపల ఏమీ లేదు. గుల్ల. దీనికి రోగం లేదంటే ఇక దేనికీ లేదు.

అదే మందులు, అదే జున్ను, అదే నీలం. ఏసురత్నం గారు ఇంటికి వెళ్ళాక, ఎండ ఉండగానే నడిపించాను. నల్లగుడ్డ కప్పుకుని ఊదా దీపం కింద చూశాను.

గీత లేదు. గీత ఉండాల్సిన చోట బొగ్గు అలుకు.

రోగంతో చచ్చిన రొయ్య కూడా మా జున్నులో శుభ్రంగానే ఉంది. అంటే ఇన్నాళ్ళుగా నేను శుభ్రం అని రాసిన ప్రతిసారీ నాకు తెలిసింది ఏమీ లేదు.

అలాగని పిల్ల వద్దని చెప్పలేను. గీత చూపించకుండా పిల్లను తిప్పి పంపితే పంట ఎగ్గొట్టినట్టే లెక్క. అప్పుడూ తెప్ప విప్పేస్తారు. వదిలితే రోగం, వదలకపోతే నేరం. నాకు గీత కావాలి. లేదా నిజంగా గీత లేదని తెలియాలి.

దీపం కొండెక్కింది.

దశమి

ఖర్చు: జున్ను పొడి చాలా. రాయడానికి సిగ్గుగా ఉంది.

పొద్దున ఆకాశం ఒక్కటే కలిపి నడిపించాను. ఆకాశం మెల్లగా వస్తుంది కనుక చిన్న ముక్కలు ఎక్కడున్నాయో అది చెప్పదు. కాలాన్ని బట్టి ఆపుదామనుకున్నాను. కానీ మా కరెంటు ఎండను బట్టి వస్తుంది. మబ్బు పట్టింది, విడిచింది, మళ్ళీ పట్టింది. దీపం కింద పెట్టి చూస్తే జున్ను ఖాళీ. చిన్నవన్నీ చివర దాటి జున్ను చుట్టూ ఉండే నీళ్ళలోకి పోయినట్టున్నాయి.

మధ్యాహ్నం నీలాన్ని పలచన చేశాను. అలుకు తగ్గింది, పోలేదు. ఆ చోట ఏదో ఉన్నట్టు కూడా అనిపించింది. అనిపించినదాన్ని గట్టుకు పంపలేను.

ఇక ఇంట్లో ఉన్న రంగుల మీద పడ్డాను. పసుపు నీళ్ళలో కరగలేదు, గుంటలోనే కూర్చుంది. బట్టల నీలిమందు కూడా అంతే, మట్టిలా దిగిపోయింది. మందార రసం జున్నులో అడుగుపెట్టగానే పచ్చబడి, పాలిపోయి, ఎటూ తేల్చుకోలేక మాయమైంది.

వెనక్కి తిరిగితే ఏసురత్నం గారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు.

"ఏంటండీ, వసంతాలాడుతున్నారా?"

"ఊరికే."

"ఊరికే ఇన్ని జున్నులు పోత్తారేంటండీ?"

"పొడి పాతదైంది, చూస్తున్నాను."

నేను అబద్ధం చెప్పానని ఆవిడకు తెలిసింది. ఆవిడ కళ్ళు నా నడుము దగ్గర, మొలతాడుకు తాళం చెవి వేలాడే చోట ఆగాయి. వెళ్ళి బీరువా తాళం లాగి చూసుకున్నారు. పడిందో లేదో రెండుసార్లు చూశారు.

దొంగే తాళం చూసుకుంటే ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు.

ద్వాదశి

మంగతాయారు అక్క ఇంటికి వెళ్ళాను. పిల్లకు పొద్దునా సాయంత్రం మేత వేసేది ఆవిడే. తొట్టి మీద వంగి వాటితో మాట్లాడుతుంది కూడా.

"అక్కా, నీ దగ్గర నీళ్ళలో కరిగే రంగేదైనా ఉందా? పసుపో ఎరుపో."

"పెళ్ళి చూపులకెళ్తున్నావేంట్రా?"

"లేదు."

"తెలుసులే. నీకిచ్చేదెవరు." లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి చిన్న రేకు డబ్బా తెచ్చింది. "జిలేబీ రంగు. మా అమ్మ మిఠాయి కొట్టులోది. ఎవరి పెళ్ళికైనా పనికొస్తుందని దాచాను. ఇన్నేళ్ళలో పంచదార దొరికితే కదా. ఎవరికిరా జిలేబీలు?"

"రొయ్య పిల్లకి."

ఆవిడ నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "తమ్ముడూ, ఆ రోజు శుభ్రమన్నావు."

"అన్నాను."

"ఇప్పుడంటావా?"

"పౌర్ణమి లోపల చెబుతాను."

డబ్బా నా చేతిలో పెట్టి, మూత గట్టిగా పెట్టమంది, చెమ్మ తగలనివ్వొద్దంది.

చిటికెడు కరిగించి ఒక గుంటలో పోశాను. పక్క గుంటలో నీలం పోశాను. కరెంటు పెట్టాను. ఒకటే అనుకున్న జిలేబీ రంగు జున్నులో రెండుగా విడింది. ముందు పసుపు, దాని వెనక ఎరుపు. రెండూ నీలాన్ని వెనక్కి నెట్టి పోతున్నాయి. పసుపు జున్ను చివరికి చేరినప్పుడు నీలం ఎక్కడో వెనక, వంద అక్షరాల దగ్గర ఉంది. మిఠాయి రంగుకు అంత పరుగు ఉంటుందని నేను అనుకోలేదు.

జున్ను దగ్గర కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను.

దీపం కొండెక్కింది.

చతుర్దశి

ఖర్చు: జిలేబీ రంగు మూడు చిటికెలు, ఆకాశం మూడు చుక్కలు. నీలం వాడలేదు.

మూడు గుంటలు. మొదటిదాంట్లో మంచినీళ్ళు. రెండోదాంట్లో తొమ్మిదో తెప్ప రొయ్య. మూడోదాంట్లో మా పిల్ల. ముందు పసుపు, దాన్ని అంటుకుని ఎరుపు, బాగా వెనక ఆకాశం, మధ్యలో దారి ఖాళీ. పసుపు చివరికి రాగానే కరెంటు తీసేశాను.

మంచినీళ్ళ దారిలో ఏమీ లేదు. తొమ్మిదో తెప్ప దారిలో వంద అక్షరాల లోపున గీత, కత్తితో గీసినట్టు. మా దారిలో అదే ఎత్తులో ఇంకో గీత. సన్నగా ఉంది. కానీ ఉంది.

మంగతాయారు అక్కను పిలిచి నల్లగుడ్డ కింద చూపించాను. ఆవిడకు చదువు రాదు. గీత అర్థమైంది.

"ఇన్నాళ్ళూ ఏమైందిరా ఇది?"

నా నోట్లోంచి అంత మాట ఎలా వచ్చిందో తెలియదు. "ఏసురత్నం గారిని అడుగు."

ఏసురత్నం గారు అక్కడే, తొట్టి దగ్గర ఉన్నారు. లోపలికి వచ్చారు.

"నన్నేం అడగాలండీ?"

"నారింజ ఎక్కడికి పోతోంది?" అన్నాను.

"అది నేను మిమ్మల్ని అడగాలండి! గట్టు గొంతేమో నిండుగా ఉందంటది. బీరువాలో చూత్తే ఖాళీ సీసా. నేను తియ్యలేదు. మరి ఇంకో తాళం ఎవరి దగ్గరుంది? మొలతాడుకి కట్టుకుని తిరిగేదెవరు? నేను వెళ్ళాక ఒక్కరే కూర్చుని రంగులు కలిపేదెవరు? పెద్దమనిషి కదా అని నోరు మూసుకున్నాను."

"వీర్రాజుకిచ్చిన సీసా ఏంటి?"

ఆవిడ మొహం ఎర్రబడింది. మంగతాయారు అక్క వైపు ఒకసారి చూసింది.

"ఆవకాయ ఊటండి."

"ఏంటీ?" అంది మంగతాయారు అక్క.

"మా అమ్మ పెట్టిన జాడీ. అడుగున కొంచెం మిగిలింది. ఈర్రాజు పెళ్ళాం నీళ్ళోసుకుంది, పులుపు కావాలని ఏడుత్తందట. మీకు తెలిత్తే జాడీ ఉంటదేంటండీ?"

"ఉండదు," అని మంగతాయారు అక్క ఒప్పుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "రత్నం, నువ్వు తియ్యలేదు, వీడు తియ్యలేదు. మరి గట్టోళ్ళకి నిండుగా ఉందని ఎవరు చెప్పారే? సెట్టులో మాట్లాడేది నువ్వే కదా. అసలేం చెప్పావు?"

"ఏం చెబుతానండీ! నారింజ నిండుకుంది అని చెప్పాను. నెలనెలా అదే చెప్పాను. పక్కన పిల్లను పెట్టుకుని, అయిపోయింది, లేదు అని నోటితో అనమంటారేంటండీ?"

తొట్టిలో గాలి బుడగల చప్పుడు వినిపించింది.

ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేవాడిని. కామేశం గారైతే "నిండుకుందా, నాలుగు రోజులు ఓపిక పట్టండి" అని పంపేవారు.

సెట్టు దగ్గరికి వెళ్ళి మీట నొక్కాను.

"పదకొండో తెప్ప. ఉప్పు నిండుకుంది."

"సంతోషం," అంది గొంతు. "పదకొండో తెప్పలో ఉప్పు నిండుగా ఉన్నట్టు రాసుకున్నాను. వచ్చే పడవలో ఉప్పు పంపవలసిన అవసరం లేదు."

మంగతాయారు అక్క ముందు నవ్వింది. "ఓరి దీని నోట్లో మన్నుబడ! ఇది ఏ అమ్మ కడుపున పుట్టిందిరా!" ఏసురత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు కూడా నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఆవిడ వైపు చేతులు జోడించాను. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపారు. "మీ మీద నేనూ అనుకున్నాను కదండీ. సరిపోయింది లెండి," అన్నారు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. మంగతాయారు అక్క సెట్టు వైపే చూస్తోంది.

"తమ్ముడూ. పోయిన అమావాస్యకు తొమ్మిదో తెప్పావిడ దీంట్లో మాట్లాడింది కదా. మనకూ వినబడింది. ఏమంది?"

అందరి సెట్లూ ఒకటే తరంగం మీద ఉంటాయి. ఆ రోజు మేం ముగ్గురం ఇక్కడే ఉన్నాం. ఆవిడ మాట నాకు గుర్తుంది. బియ్యం నిండుకున్నాయి తండ్రీ, అంది.

గొంతు ఏమందో కూడా గుర్తుంది.

ఈరోజు దీపం సంగతి రాయడం మర్చిపోయాను.

పౌర్ణమి

పోటు పొద్దున్నే వచ్చింది. పిల్లను వదిలే ఘడియలో మంగతాయారు అక్క తొట్టిలో బ్లీచింగు పొడి పోసింది. నేను పోస్తానంటే ఒప్పుకోలేదు. పదమూడు రోజులు మేత వేసిన చెయ్యి. బుడగలు తెల్లబడ్డాయి, పిల్లంతా అడుగుకు దిగింది. ఆవిడ చెయ్యి కడుక్కుని, పిల్ల గదిలో నిలబడి, ఎప్పుడూ ఎవరూ అనని మాట అంది.

"పోయాయి."

తర్వాత సెట్టు ముందు కూర్చుంది. గీత బొమ్మ అప్పటికే సెట్టులో గట్టుకు పంపాను. మీట నేను నొక్కాను. ఆవిడ ఒక్కొక్క మాటా తుంచి చెప్పింది, చెవిటివాళ్ళకు చెప్పినట్టు.

"పదకొండో తెప్ప. పిల్ల లేదు. రోగమొచ్చింది, చంపేశాం. నారింజ లేదు. ఉప్పు లేదు. నిండుగా లేదు, కొంచెం లేదు, అసలు లేదు. అర్థమైందా?"

"అర్థమైంది," అంది గొంతు. ఈసారి సంతోషం అనలేదు. "గీత చూశాను. అమావాస్య పోటుకు వేరే కేంద్రం నుంచి పిల్ల, నారింజ రంగు, ఉప్పు పంపుతాను. పంట ఎగ్గొట్టినట్టు రాయను. తెప్ప విప్పవలసిన అవసరం లేదు. లేదని ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పామమ్మా," అంది మంగతాయారు అక్క. మీట వదిలేశాను.

ఆ తర్వాత తొమ్మిదో తెప్పను పిలిచాను. నేను సెట్టులో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. గట్టు గొంతుకు మన మాట తెలియదని, నిండుకుందంటే నిండిందని రాసుకుందని, మిమ్మల్ని ఎవరూ వదిలేయలేదని చెప్పాను. ఏం లేదో లేదని చెప్పండి, వాళ్ళూ వింటారు, మేమూ వింటాం అన్నాను. చివరికి ఆ ముసలావిడ గొంతు వినబడింది.

"బియ్యం లేవు," అంది. ఆగింది. "నూనె లేదు. మందు లేదు." మళ్ళీ ఆగింది. "ఇద్దరు పిల్లలు లేరు."

ఏసురత్నం గారు గోడ వైపు తిరిగారు.

ఇంటింటి నుంచి బియ్యం పోగుచేసి వీర్రాజు పడవకెక్కించాం. ఏసురత్నం గారు ఆవకాయ జాడీ కూడా పెట్టారు. ఈసారి దాచలేదు.

"గట్టు దాకా ఎప్పుడైనా వెళ్ళావా?" అని వీర్రాజును అడిగాను.

"లేదండి. సరుకంతా మధ్యలో బోయా దగ్గిరే ఉంటదండి. తాడు లాగితే పెట్టెలు వత్తాయి. మనిసెవడూ కనబడడు." గెడ తీసుకుని నీళ్ళలో గుచ్చాడు. "ఎల్లొత్తానండి మరి."

పడవ దూరమయ్యేదాకా చూశాను. ఆ మాట చెవిలో ఉండిపోయింది. అందరం అదే అంటాం. సెలవు తీసుకునేటప్పుడు ఎల్తానని ఎవరం అనం.

నాలుగు నెలలుగా మా ఏసురత్నం గారు, అమావాస్య నాడు ఆ ముసలావిడ, ఇంకా ఎన్ని తెప్పల వాళ్ళో, ఈ సెట్టులో నిండుకుంది అన్నారు. గట్టు మీద మన మాట తెలిసిన మనిషి ఒక్కడు, ఒక్కసారి విన్నా, ఓరి యంత్రమా అని నవ్వేవాడు.

గదిలోకి వచ్చి మీట నొక్కాను.

"కామేశం గారు ఉన్నారా?"

"కామేశం గారు బయటకు వెళ్ళారు."

"ఎప్పుడు?"

"పోయిన ఏడాది ఆశ్వయుజంలో. వెళ్ళొస్తాను అని చెప్పి వెళ్ళారు."

"ఆయన తర్వాత ఎవరినీ పెట్టలేదా?"

"కుర్చీ ఖాళీ కాలేదు కదండీ. వస్తానన్నారు. వచ్చేదాకా నేను రాసుకుంటున్నాను."

"అక్కడ ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు," అంది గొంతు. ఆ మాట మాత్రం తడుముకోకుండా, స్పష్టంగా అంది. "అందరూ వెళ్ళొస్తామన్నారు."

ఖర్చు: బియ్యం, నలభై ఇళ్ళ నుంచి. ఆవకాయ, ఒక జాడీ. పిల్ల, ఒక పడవ.

దీపం ఆర్పాను.